నాది తీసి ఆమెకియ్యి

ఖాజాగూడ,
12 జనవరి 2011

పెద్దమ్మకి సువార్త ప్రభువు నామంలో వందనాలు చేసి రాస్తున్నది.

ముందుగా నా తప్పులకీ, నా రాతకీ కోప్పడకు. ఐదో తరగతి తర్వాత పెన్ను పట్టింది పెళ్ళి రిజిస్టరులో సంతకానికే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియనిచోట వదిలేశాను, నువ్వే పెట్టుకుని చదువుకో. ఫోన్లో నేను అరిస్తే ఇక్కడ వీధంతా వింటోంది, నీకు మాత్రం వినపడదు. అందుకని ఈ తంటా.

మేమిద్దరం బాగున్నాం. నీ అల్లుడు ఇశ్రాయేలు కంపెనీ బండి తోలుతున్నాడు. రాయదుర్గంలో ఉద్యోగాలు చేసే పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించడం పని. బందు రోజు బండి తియ్యడు. ఎవరైనా మీదే ఊరని అడిగితే ఖమ్మం అని చెప్పమన్నాడు. "రేపల్లె సంగతి కొన్నాళ్ళు మరిచిపోవే" అన్నాడు. నాకు అబద్ధం రాదు. అందుకని ఎవరితోనూ మాట్లాడటమే మానేశాను.

మేం అద్దెకున్న ఇంటాయన పేరు కిష్టయ్య. అన్నా అని పిలుస్తాను. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట వాళ్ళ జొన్న చేలు ఉండేవట. భార్య పోయింది. పొద్దస్తమానం తెలంగాణ దీక్షా శిబిరంలో కూర్చుంటాడు. వాళ్ళమ్మ లక్ష్మమ్మవ్వని పగలంతా చూసుకుంటే కిరాయి తగ్గిస్తానన్నాడు, ఒప్పుకున్నాను.

అవ్వ అన్నీ మరిచిపోయింది పెద్దమ్మా. తిని చెయ్యి కడుక్కుని, నాకు బువ్వ పెట్టలేదంటుంది. అది పరవాలేదు. సాయంత్రం నాలుగింటికి ఎదుటి మేడ అద్దాల మీద ఎండ పడి, ఆ వెలుగు వెనక్కి మళ్ళి మా వాకిట్లోకి వస్తుంది. అప్పుడు ఆమెకి భయం పుడుతుంది. నా చెయ్యి పట్టుకుని "బిడ్డా, నేనెవర్ని?" అంటుంది. లక్ష్మమ్మవ్వవి అంటాను. "గామె ఎవరు?" అంటుంది. నేను చెప్పిన కొద్దీ ఇంకా బెదురుతుంది. చీకటి పడేదాకా అదే అడుగుతుంది.

మొన్న చూడలేక ప్రార్థన చేశాను. ప్రభువా, ఈమె పట్టుకోడానికి ఏదైనా ఇయ్యి, వేరే ఎక్కడా దొరక్కపోతే నాది తీసి ఆమెకియ్యి అన్నాను. తర్వాత నువ్వు నేర్పిన కంఠత వాక్యం చెప్తూ ముద్ద పెట్టాను. గుటుక్కున మింగి నా నోటి వంక చూసింది. అప్పటినుంచి ముద్దకొకటి చెప్తున్నాను, వాక్యాలు, మన ఊరి సంగతులు. బాగా తింటోంది.

దేవుడికి పిడికెడు బియ్యం తియ్యడం మానలేదు. బియ్యం కడగకముందే తీసి పాలపొడి డబ్బాలో వేస్తున్నాను. ఇక్కడ నీలాగా శనివారం శనివారం ఇల్లిల్లూ తిరిగి పోగుచేసే బైబిలమ్మ లేదు. రాయదుర్గంలో ఒక మేడ మీద గదిలో ఆరాధన జరుగుతుంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఇచ్చేస్తాను.

ఇది చదివి కాల్చెయ్యి పెద్దమ్మా. ఆయన అబద్ధమాడమన్న సంగతి మన సంఘంలో తెలిస్తే ఆయన పరువు పోతుంది.

సువార్త


లాకులపాలెం, రేపల్లె తాలూకా,
2 ఫిబ్రవరి 2011

సువార్తకి పెద్దమ్మ సరోజమ్మ ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. కాల్చేశాను. ఒత్తులన్నీ నేనే పెట్టుకున్నాను. నీ చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినట్టే ఉంది.

ఖమ్మం సంగతి చదివి నవ్వుకున్నాను. మా అల్లుడితో చెప్పు, మా సువార్త నోట్లోంచి ఒక్క "అండి" బయటికొస్తే రేపల్లె కాలవ మొత్తం కనపడుద్దని. అబద్ధం ఆడలేక మూగదానివైతే మాత్రం ఒప్పుకోను. చర్చి మెట్ల మీద కూడా నా కొంగు వెనక దాక్కునేదానివి. ఇక్కడ నా కొంగుంది. అక్కడ ఎవరి కొంగుందే?

ముసలామె కోసం ప్రార్థన చెయ్యడం మంచిదే. కానీ దేవుడితో అట్లా మాట్లాడకు. మనం ఏడుపులో అన్నామో, ఆలోచించి అన్నామో ఆయన అడగడు. ఇరవై ఏళ్ళ కిందట నేనొకటి అడిగాను. దానికి జవాబు ఎప్పుడు వస్తుందోనని ఇప్పటికీ భయమే. అది నీకు అనవసరం.

పట్నంలో విశ్వాసం ఒక్కసారిగా పోదు. ఇవాళ అలిసిపోయానని ఒకటి, రేపు బండి రాలేదని ఒకటి మానేస్తాం. నెల తిరిగేసరికి ఏం మానేశామో కూడా గుర్తుండదు. అందుకని చెప్తున్నాను. పొయ్యి ముట్టించక ముందు ప్రార్థన, బియ్యం కడగక ముందు పిడికెడు, పడుకోబోయే ముందు ఒక వాక్యం. మనసు ఎక్కడున్నా చెయ్యి మానకూడదు. మనసు ఊళ్ళు తిరుగుద్ది, చెయ్యి ఇంట్లోనే ఉంటది.

కాలవ మీద లాకుల దగ్గర నీళ్ళు తగ్గాయి. సంఘంలో అందరూ నిన్ను అడిగారు.

సరోజమ్మ


ఖాజాగూడ,
20 మార్చి 2011

పెద్దమ్మకి వందనాలు.

ఈసారి రాత ఇంకా పాడుగా ఉంది, ఏమీ అనుకోకు. 

ఈ నెల పదో తారీఖున తెలంగాణ కోసం జనమంతా ట్యాంక్‌బండ్ మీదికి కదిలారు. అన్న కూడా వెళ్ళాడు. మా వీధిలో ఒక్క బండి లేదు. అద్దాల మేడల్లో లైట్లు వెలుగుతున్నాయి, లోపల మనిషి కనపడలేదు. అవ్వా నేనూ వాకిట్లో కూర్చున్నాం. నాలుగైంది. ఎండ అద్దం మీద పడి మా కాళ్ళ దగ్గరికొచ్చింది. ఇక బెదురుతుందని చెయ్యి పట్టుకున్నాను.

బెదరలేదు. మేడ వైపు వేలు చూపించి, "అదుగో, లాకులెత్తారు. నీళ్ళొస్తన్నాయి, పిల్లల్ని గట్టు దిగమను" అంది.

గొంతు ఆమెదే. ఆ విరుపు నీది పెద్దమ్మా. నువ్వు పక్కనే ఉన్నావేమోనని వెనక్కి తిరిగి చూశాను.

లాకుల సంగతి నేనే చెప్పి ఉంటాను. చెప్పినట్టు మాత్రం గుర్తులేదు. మళ్ళీ మేడ వైపే చూస్తూ, "ఆదివారం కదా, గంట కొట్టలేదేం?" అంది. ఏం గంటవ్వా అన్నాను. "రైలు పట్టా ముక్కే. గంగరావి చెట్టుకి కట్టింది. ఇనప బోల్టుతో కొట్టాలి. మొదటి దెబ్బకి కాకులు లేస్తాయి" అంది. నేను నవ్వాను. ఎక్కడి చెట్టు, ఎక్కడి కాకులు అనుకున్నాను. కూర తరుగుతూ మళ్ళీ ఆలోచించాను. ఎంత ఆలోచించినా చెట్టు దగ్గర ఏమీ కనపడలేదు.

మన చర్చికి గంట ఉందా పెద్దమ్మా?

ఇంకొకటి. ముద్ద పెడుతూ యెహోవా నా కాపరి అనే వాక్యం మొదలుపెట్టాను. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి తర్వాతి మాట రాలేదు. నాలుక మీద చోటు ఖాళీగా ఉంది. అవ్వ నోట్లో అన్నం పెట్టుకునే మిగతాదంతా అప్పజెప్పింది. చివర ఆమేన్ కూడా అంది. ఆ వెంటనే "పోచమ్మ తల్లీ సల్లగ చూడు" అంది. అది మాత్రం ఆమెదే.

అన్న నిన్న నన్ను పిలిచి కూర్చోమన్నాడు. "చెల్లె, జర ఒక్క మాట చెప్పు. మా అవ్వ ఈ ఊరు దాటి ఎన్నడు పోలే. పెండ్లయి పక్క గల్లీకెళ్ళి ఈ గల్లీకి వచ్చింది, గంతే. లాకులంటే ఏందో నాకే తెల్వదు. ఆమెకెట్ల తెలుసు?" అన్నాడు.  "శిబిరంల అందరు నవ్వుతున్నరు. ఏం కిష్టన్నా, మనం ఈడ కొట్లాడుతుంటె మీ అవ్వ ఆంధ్రాకెళ్ళి వచ్చినట్టు అండీ అంటుందేందని. నాక్కూడ నవ్వొస్తుంది, ఏం చేయాలె" అన్నాడు. లేచి వెళ్తూ, "ఏదైతేంది, నాలుగింటికి ఏడుస్తలేదు. నువ్వేం చెప్తున్నవో గదే చెప్పు" అన్నాడు.

నేను ఊరు మరిచిపోయినట్టు నటించాలని నీ అల్లుడు అన్నాడు కదా. నటించానా, లేదా, నాకే తెలియట్లేదు.

కాల్చెయ్యి. ఇలాంటివి చదివితే నాకు దయ్యం పట్టిందంటారు.

సువార్త


లాకులపాలెం,
9 ఏప్రిల్ 2011

సువార్తా,

గంట ఉందా అని అడిగావు. ఆ ముక్క చదివి కాగితం బల్ల మీద పెట్టి చెట్టు కిందికి వెళ్ళాను. వేలాడుతూనే ఉంది. చేత్తో పట్టుకుని చూసి వచ్చి రాస్తున్నాను.

ఆరేళ్ళు ఆ గంట కొట్టింది నువ్వే. అందక పీట ఎక్కేదానివి. ఒకసారి పీట జారి కింది పెదవి చిట్లింది. అద్దంలో చూసుకో, గీత ఉంటుంది. మొదటి దెబ్బ కొట్టి, కాకులన్నీ లేచేదాకా ఆగి, అప్పుడు రెండోది కొట్టేదానివి. ఎందుకే ఆగుతావంటే, "అవి కూడా చర్చికి రావాలిగా" అన్నావు. జనం కోసం ఆగని పిల్లవి కాకుల కోసం ఆగావు. ఇది పైకి చదువు. రెండుసార్లు చదువు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కాల్చేశానని రాశాను, కాల్చలేదు. నీ అక్షరాలు పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. ట్రంకు పెట్టెలో, తెల్ల చీరల కింద ఉన్నాయి. మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "నాది తీసి ఆమెకియ్యి" అని నువ్వే అడిగావు. ఆ మాట అన్నట్టు నీకు గుర్తుందా?

నాకు భయంగా ఉంది. కానీ ఊరికే భయపడటం విశ్వాసం కాదు. ముందు సంగతి తేల్చుకుందాం. నువ్వు చెప్పిన కథలే ఆమె తిరిగి చెప్తోందా, ఇంకేదైనా జరుగుతోందా? నీకు తెలియనిది ఒకటి అడుగు. నా ఎడమ మోచేతి లోపల ఏముందని అడుగు. నేను మోచెయ్యి దాటిన రవికే తొడుగుతాను, నీకెప్పుడూ చూపించలేదు. నీకు తెలియదు గనక ఆమెకీ తెలియకూడదు. చెప్పలేకపోతే మనకి ఏ భయమూ లేదు. అప్పుడు నీకు కావలసింది బలానికి టానిక్కూ, నిద్రా.

అందాకా ఆమెకి కథలు చెప్పకు. నోరు మూసుకుని అన్నం పెట్టు.

సరోజమ్మ


ఖాజాగూడ,
17 జూలై 2011

పెద్దమ్మకి సువార్త వందనాలు.

తప్పులుంటే దిద్దుకో. నా మాటలు కూడా కొంచెం మారినయని ఇశ్రాయేలు అంటున్నాడు. ఖాళీ అయినచోట చుట్టుపక్కల మాటలొచ్చి కూర్చుంటున్నయి. మొన్న కూరగాయలామె "మీదే ఊరమ్మా" అంటే ఈడనే అన్న. ఆమె నమ్మింది. ఆయన నవ్వాడు గానీ, తర్వాత చాలాసేపు నా ముఖం వంకే చూశాడు.

ఆ ప్రార్థన చేసినట్టు నాకు గుర్తులేదు. నువ్వు రాశావు గనక నమ్ముతున్నాను.

నీ ఉత్తరం పైకి చదివాను. రెండోసారి చదువుతుంటే వినిపించింది. మొదటి దెబ్బ, కాకుల రెక్కలు, మళ్ళీ రెండో దెబ్బ. బోల్టు చల్లదనం అరచేతికి తగిలింది. ఏడుపొచ్చింది పెద్దమ్మా, అంత సంతోషం. సరిగ్గా అప్పుడే పక్క గదిలో అవ్వ మంచం దిగింది. గోడలు తడుముతోంది. "నా గంట ఎవలు తీసుకపోయిన్రు?" అంటోంది. మూలలన్నీ వెతికింది, చెప్పులు ఎత్తి చూసింది. నాలుగింటికి నా చెయ్యి పట్టుకుని "బిడ్డా, నేనెవర్ని?" అని అడిగింది. ఎన్నో నెలల తర్వాత. ఆ రోజు చీకటి పడ్డా ఆపలేదు.

నాది నాకు వస్తే ఆమె దగ్గర పోతుంది. ఉన్నది ఒకటే. ఇద్దరికీ లేదు.

నువ్వన్నట్టు కథలు మానేశాను. ఏం లాభం లేదు. నేను చెప్పకపోయినా పోతూనే ఉన్నాయి. ఆమె దగ్గరికి చేరుతూనే ఉన్నాయి.

నీ పరీక్ష మూడు నెలలు పెట్టలేదు, ధైర్యం లేక. మొన్న అన్నం పెడుతూ అడిగాను. సరోజమ్మ ఎడమ మోచేతి లోపల ఏముందవ్వా?

ఆమె ముద్ద నమలడం ఆపలేదు. "గంజి కాలిన మచ్చ" అంది. "పొద్దున పూట. కింద కూర్చుని గంజి వారుస్తోంది. నేను ఒళ్ళో పాలు తాగుతన్నాను. కాలు తన్నాను, గిన్నె ఒరిగింది. నా మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. తోలు ఊడొచ్చింది. అరవలేదు. పక్కింటోళ్ళు వింటారని పెదవి కొరుక్కుంది. నా నోట్లోంచి పాలు మాత్రం తియ్యలేదు."

ఎవరవ్వా ఆమె అన్నాను. "అమ్మ" అంది. పేరేంటి అన్నాను. తెలిసిందే అడుగుతున్నానన్నట్టు చూసి, "సరోజ" అంది.

ఆమెకి పేర్లు కలిసిపోయి ఉంటాయి. అమ్మ పేరు మార్తమ్మ కదా పెద్దమ్మా, నీ చెల్లెలు. నాకు రెండేళ్ళప్పుడు జ్వరంతో పోయిందని నువ్వే చెప్పావు. లేకపోతే అది కూడా నేను తప్పుగా గుర్తు పెట్టుకున్నానా? ఈమధ్య దేన్నీ నమ్మలేకపోతున్నాను. ఆ మచ్చ ఉందో లేదో ఒక్కటి రాయి.

ఇంకో సంగతి. బియ్యం కడగకముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తున్నాను. ఎందుకు? డబ్బా నిండి మూత పడట్లేదు. పురుగు పడుతుంది వండెయ్యి అన్నాడు ఇశ్రాయేలు. అందులోంచి తియ్యబోతే చెయ్యి రాలేదు. ఇంకో డబ్బా పెట్టాను.

ఇది కాల్చు. నువ్వు కాల్చవని తెలుసు. అయినా రాస్తున్నాను.

సువార్త


లాకులపాలెం,
3 అక్టోబరు 2011

సువార్తా, నా తల్లీ,

రెండు నెలలు జవాబు రాయలేదు. చేతకాక కాదు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మచ్చ మీద చెయ్యి పెట్టుకుని లేచిపోయాను.

నేనే వద్దామని బయల్దేరాను. సమ్మె అని బస్సులు లేవు. రైలు బెజవాడలో ఆపేశారు. స్టేషన్లో ఒక పగలంతా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని తిరిగొచ్చాను. ముఖం చూసి చెప్పాల్సింది కాగితం మీద చెప్తున్నాను.

మచ్చ ఉంది. గంజిదే. పాలిచ్చింది నేనే. నువ్వు నా కడుపున పుట్టావు.

నాకు ఇరవై మూడేళ్ళు. బైబిలమ్మగా కుదిరి ఏడాది. పెళ్ళి చేసుకుంటానన్నవాడు పడవ పని మీద వెళ్ళి తిరిగి రాలేదు. బతికున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. నా కడుపు సంగతి తెలిస్తే సంఘం నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. మార్తకి పిల్లల్లేరు. ఒంట్లో బాగాలేదని చెప్పి దాని ఊరు వెళ్ళి, దాని ఇంట్లోనే కన్నాను. మూడు నెలలు పాలిచ్చి, దాని ఒళ్ళో పెట్టి వచ్చేశాను. అది పోయాక నిన్ను తెచ్చుకున్నాను. అప్పటికి నీకు మాటలొచ్చాయి. మార్తే నీకు నన్ను పెద్దమ్మ అని నేర్పింది. నేను దిద్దలేదు.

ప్రతి శనివారం నీ చేత మోకాళ్ళ మీద తప్పులు ఒప్పించాను. పెన్సిలు దాచింది, పాలు ఒలకబోసింది. నా తప్పు నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట నేనొకటి అడిగానని రాశాను కదా. ప్రభువా, దీన్ని నేను మరిచిపోయేలా చెయ్యి అని అడిగాను. నాకు మరుపు రాలేదు. నీకు వచ్చింది. ఇది నా ప్రార్థనకి జవాబా, నీ ప్రార్థనకి జవాబా, నాకు తెలియట్లేదు.

డబ్బాలో బియ్యం దేవుడి కోసం. ముందు ఆయనకి, తర్వాత మనకి. నీకు నడక రాకముందే నీ పిడికిలి నా పిడికిట్లో పెట్టి వేయించాను. నేను మార్త ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాకు దక్కింది అదొక్కటే. ఆ చెయ్యి నాది.

నీ ఉత్తరాలు మూడూ కట్ట కట్టి పంపుతున్నాను. నీ చిన్నప్పటి సంగతులన్నీ వారం రోజులు కూర్చుని పది కాగితాల్లో రాశాను, అవీ ఉన్నాయి. అన్నీ పైకి చదువు. నీది నువ్వు తీసుకో. అవ్వని దేవుడు చూసుకుంటాడు. ఆమె నీకేమవుతుంది? నేను నీకు అమ్మని. ఒక్కసారి దిక్కులేకుండా వదిలాను, మళ్ళీ వదల్లేను. చదివి, మీ ఆయన్ని తీసుకుని వచ్చెయ్యి.

సరోజ


ఖాజాగూడ,
25 నవంబరు 2011

అమ్మకి,

ఈ ఒక్క మాట రాసి చాలాసేపు కూర్చున్న. నా రాత, తప్పులు క్షమించండి. మీ ముఖం నాకు గుర్తులేదు. మీ గొంతు గుర్తులేదు. అందుకే మీరు అంటున్న, కోపం చేయకండి. కట్ట మీద పైన పెట్టిన ఉత్తరం ఒక్కటే చదివిన, పైకే. అమ్మ అని అందులోనే ఉన్నది. చదవంగనే పాల వాసన వచ్చింది, గంజి వాసన వచ్చింది. ఆ రెండూ నావే అని తెలిసింది.

ఆ రోజు నుంచి అవ్వ గంజి మాట ఎత్తలేదు. మోచెయ్యి తడుముకుని, ఏదో అడగబోయి ఊరుకుంటది. నేను తీసుకున్న. ఆ ఒక్కటి తీసుకున్న. దొంగతనమైతే దేవుడు క్షమించాలె.

మిగతా కట్ట విప్పలేదు.

ఇశ్రాయేలు మంచోడు. రోజూ పొద్దున్నే "నేను ఇశ్రాయేలుని, నీ పెనిమిటిని" అని చెప్పి చాయ్ ఇస్తడు. మొదట ఏడ్చిండు. ఇప్పుడు నవ్వించడానికి రోజుకో తీరుగ చెప్తడు. ఇయ్యాల నన్ను గవర్నరమ్మ అన్నడు. కట్ట విప్పి చదవమని బతిమాలిండు. రెండుసార్లు తాడు ముడి మీద చెయ్యి పెట్టిన.

కానీ నాలుగింటికి అవ్వని చూస్తున్న కదా. అద్దం వెలుగు వాకిట్లకి వస్తది. ఆమె పీట మీద కూర్చుని చిన్న పిల్ల లెక్క కాళ్ళు ఊపుతది. "నేను సువార్తని. మా పెద్దమ్మ బైబిలమ్మ. లాకుల కాడ మా ఇల్లు" అంటది. కాలవలో తామరలు చెప్తది. సంఘంలో ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన చేస్తది. నడుమ పోచమ్మను కూడా పిలుస్తది. నాకు ఆ పేర్లు తెల్వవు. ఆమె చెప్తుంటే ఆమేన్ అంటున్న. కిష్టయ్య అన్న శిబిరం నుంచి తొందరగా వచ్చి గడపలో కూర్చుని వింటున్నడు. "మా అవ్వ ఎవరైతే ఏంది చెల్లె, భయపడకుంట పండుకుంటున్నది" అన్నడు.

నేను ఆ కట్ట చదివితే ఆ పీట మీద ఎవ్వరుండరు. నాకు మీరున్నరు, ఇశ్రాయేలు ఉన్నడు, పొద్దున లేచి చెప్పేటోళ్ళు ఉన్నరు. ఆమెకి లోపల ఇంకేం లేదు, ఇదే ఉన్నది. ఆమె నాకేమవుతుంది అని అడిగిన్రు. ఏమీ కాదు. నాది నేనే ఇచ్చిన్నని మీరే రాసిన్రు. ఇచ్చింది మళ్ళీ గుంజుకుంటే, ఇయ్యి అని ఎందుకడిగినట్టు?

అవ్వ ముసలిది. ఆమె పోయినాక నావి నాకు తిరిగొస్తయో, ఆమెతోనే పోతయో తెల్వదు. ఆమెతో పోతే, నాకంటె ముందే ఆయన దగ్గరికి చేరుతయి. నేను పోయేసరికి నన్నెరిగినోళ్ళు అక్కడ ఒకరుంటరు.

ప్రార్థనకి మాటలు రావట్లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటున్న. ఎవరి ముందు కూర్చున్ననో ఒక్కోరోజు తెలుస్తది, ఒక్కోరోజు తెల్వదు. కూర్చోవడం మానలేదు. బియ్యం కడిగేటప్పుడు చెయ్యి దానంతట అదే డబ్బా దిక్కు పోతది. నిన్న కళ్ళు మూసుకుని, నా పిడికిలి మీద ఇంకో పిడికిలి ఉన్నట్టు ఊహించుకున్న. బరువు తెలిసింది. వేడి తెలిసింది. ఆ చెయ్యి నీదే కదా.

కట్ట తిరిగి పంపుతున్న, ఈ ఉత్తరం కూడా అందులోనే పెట్టిన. నేనే కాల్చబోయిన. అగ్గిపుల్ల గీసిన తర్వాత తాడు విప్పబుద్ధయింది. నన్ను నేను నమ్మలేను. ఇవి ఎక్కడున్నా, ఎప్పుడో ఒకనాడు ఎవరో జాలిపడి నాకు చదివి వినిపిస్తరు. ఆ సాయంత్రం అవ్వ ఈ వాకిట్ల నిలబడి నేనెవర్ని అని అడుగుతది.

మీరు రాసిన పై ఉత్తరం మాత్రం నా దగ్గరే ఉంచుకున్న. రోజూ పొద్దున చాయ్ తాగి చదువుకుంట.

కాల్చేశానని రాయకు. ఈసారి కాల్చు అమ్మా.

సువార్త